మంచం కింద సంచి

ప్రతి ఉదయంలాగే అమ్మమ్మ, తను ఉడుత అని పిలుచుకునే పిల్ల మంచం కిందికి చీపురు పోనిచ్చింది. ప్రతి ఉదయంలాగే అది గోడదాకా పోకుండా మధ్యలోనే ఆగిపోయింది. అక్కడ జిప్పు పాడైన నీలం సంచి ఉంది. అందులో రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, పళ్లు తోముకునే బ్రష్షు. ఉడుత ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఆ సంచి అలా సర్దే ఉంది. బట్టలు పొట్టివైతే తీసేసి పెద్దవి పెట్టుకుందే తప్ప, దాన్ని ఏనాడూ ఖాళీ చేయలేదు. అమ్మమ్మ కూడా జరపమని అడగలేదు. చుట్టూ ఊడ్చి లేచేది.

ఉడుత ఆవిడకి సొంత మనవరాలు కాదు. కన్నవాళ్ల నీడ లేని పిల్లల్ని ప్రభుత్వం కొన్ని ఇళ్లలో ఉంచి పెంచుతుంది. వాటిలో ఇదొకటి. ఎందరో పిల్లలు వచ్చారు, వెళ్లారు. ఒకణ్ణి మేనమామ వచ్చి తీసుకుపోయాడు, ఇంకొకర్ని వేరే ఊరికి మార్చారు. గుమ్మం ముందుకి అలా తీసుకెళ్లే కారు వచ్చినప్పుడల్లా అమ్మమ్మ వంటింట్లోకి వెళ్లి కుళాయి బాగా తిప్పేది, కారు కదిలిన చప్పుడు చెవిన పడకుండా. చిన్నప్పుడు వచ్చిన ఈ పిల్ల ఒక్కతే నిలిచింది. వచ్చిన కొత్తలో బ్రెడ్డు ముక్కలు దిండు కింద దాచుకునేది. అలా ఉడుత అయింది.

ఇప్పుడా ఉడుతకి పద్దెనిమిది నిండబోతున్నాయి. ప్రభుత్వమే లిఫ్టులు బాగుచేసే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేర్పించింది. అమ్మమ్మ వీధిలో ఎవరు కనబడినా ఆపి మరీ చెప్పింది.

ఉడుత యూనిఫారం చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఫోను మోగింది. అమ్మమ్మకి ఈమధ్య చెవులు సరిగా వినపడవు కాబట్టి ఆవిడ కూతురు స్పీకర్ పెట్టింది. పిల్లల సంక్షేమ శాఖ మేడమ్ గొంతు గదంతా వినిపించింది.

"అమ్మా, మీ పిల్లకి ఒంట్లో బాగోలేదా? ఈ వారమంతా వర్క్‌షాపుకి రాలేదట."

గుండీ మీద ఉడుత చెయ్యి ఆగిపోయింది.

"మేస్త్రీ మంచివాడు కాబట్టి ఇంకా పేరు తీసెయ్యలేదు. ఇవాళ మధ్యాహ్నంలోగా రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. చదువో శిక్షణో ఉంటేనే ఇరవై ఒకటి దాకా మీ ఇంట్లో ఉంచడానికి వీలు. లేకపోతే పుట్టినరోజు దాటగానే హాస్టలే. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదమ్మా."

కూతురు ఫోను పెట్టేసింది.

"రోజూ డబ్బా కట్టించుకుని ఎక్కడికి పోతున్నావే?" అంది అమ్మమ్మ.

"పార్కుకి."

"పార్కుకా! తెల్లారకుండా లేచి వండిందంతా పావురాలకి పోస్తున్నావా?"

"పావురాలకి పెట్టలేదు. నేనే తిన్నాను."

"పోనీలే, ఆ మాత్రం న్యాయం ఉంది దీనికి," అంది కూతురు. తల్లి ముఖం చూసి నవ్వు మింగేసింది. అమ్మమ్మ ఉడుత వైపు తిరిగింది.

"ఇక్కడ ఉండటం ఇష్టం లేకపోతే నా ముఖాన చెప్పు. ఇలా నాటకాలెందుకు?"

"ఇష్టం లేనిది నాకా?" ఉడుత గొంతు ఒక్కసారి లేచింది. "పెట్టె కొన్నది నేనా?"

"ఏ పెట్టె?"

"నీ బీరువా వెనక దుప్పటి కప్పి ఉంది. ఎర్రది, చక్రాలది. నేను చూశాను."

అమ్మమ్మ బీరువా వైపు చూసింది.

"పాత ఇంట్లో కూడా నాకు కొత్త సంచి కొన్నారు. నాకేనా అని చంకలు గుద్దుకున్నాను. మర్నాడు కారొచ్చింది. అంతకు ముందింట్లోనూ అంతే. కొత్త సంచి కొన్నారంటే పంపించేస్తున్నారనే. ఏడుస్తానని ఎవరూ ముందు చెప్పరు." ఉడుత చేత్తో ముక్కు తుడుచుకుంది. "మేడమ్ ఇరవై ఒకటి అంది గానీ, పని వచ్చి నా కాళ్ల మీద నేను నిలబడితే ఇంకెందుకు ఉంచుకుంటావు? పని రాకపోతే, పాపం ఎక్కడికి పోతుందిలే అని ఉంచుకుంటావనుకున్నాను."

అమ్మమ్మ స్టూలు మీద కూర్చుంది. కూతురే అందుకుంది.

"దాచొద్దు, దాచొద్దు అని నెత్తీ నోరూ కొట్టుకున్నానమ్మా, విన్నావా? ఒసేయ్ పిచ్చిమొహమా, ట్రైనింగని మధ్య మధ్యలో వారం పాటు వేరే ఊరు వెళ్లాలన్నారుగా. జిప్పు ఊడిన సంచితో వెళితే అక్కడి పిల్లలు నిన్ను చూసి నవ్వుతారని ఈవిడ బెంగ. నీ పుట్టినరోజుకి ఇద్దామని దాచింది. చక్రాలు సరిగా తిరుగుతున్నాయో లేదో అని కొట్లో ఆ చివరినుంచి ఈ చివరికి నాచేత లాగించింది. జనమంతా నన్నే చూశారు!"

"నిజమా పిన్నీ?"

జవాబు కోసం ఉడుత పిన్నిని చూడలేదు, అమ్మమ్మనే చూసింది.

అమ్మమ్మ లేచింది. లోపలికెళ్లి పెట్టె లాక్కొచ్చి నడి గదిలో తెరిచింది. చలికాలం దుప్పట్లన్నీ తెచ్చి ఒక్కొక్కటే అందులో కుక్కింది. మూత పడకపోతే మోకాలు పెట్టి అదిమింది.

"ఇది ఇంటి పెట్టె," అంది ఎగపోసుకుంటూ. "నీది కాదు. ట్రైనింగుకి కావాలంటే నన్ను అడిగి తీసుకెళ్లు. వారం కాగానే తెచ్చి అప్పజెప్పు. నా దుప్పట్లకి చోటు కావాలి."

ఉడుత పెదవి కొరుక్కుంది. "తేకపోతే?"

"వెతుక్కుంటూ వస్తాను. చక్రాలున్న పెట్టె మరి, ఊరికే వదులుకుంటానా?"

అంతవరకే నిలిచింది ఆవిడ ధైర్యం. ఉడుతని రెండు చేతులా పొదివి పట్టుకుంది. "నీకు పెట్టె అంటే భయం. నాకు కారు అంటే భయం. పని వచ్చాక రెక్కలొచ్చి పోతావేమో అని నాకూ నిద్ర పట్టలేదే. ఒక్క మాట అడిగి ఉంటే ఇద్దరికీ ఈ పాట్లు తప్పేవి."

"ఏడుపులు సాయంత్రం పెట్టుకోండి," అంది కూతురు కళ్లు ఒత్తుకుంటూ. "మధ్యాహ్నంలోగా అన్నారు."

ఎవరు వెళ్లినా వంటింట్లో దాక్కునే అమ్మమ్మ ఆ రోజు ఉడుత చెయ్యి పట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బస్సెక్కింది. వర్క్‌షాపు గుమ్మంలో మేస్త్రీ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, లిఫ్టు మధ్యలో ఇరుక్కుందా?"

ఉడుత తల దించుకుంది. "అవును సార్. ఇప్పుడు కదిలింది."

"రా మరి. ఆ తాడుకి గ్రీజు పట్టించు."

ఉడుత లోపలికి వెళ్లింది. అమ్మమ్మ అక్కడే నిలబడి చూసింది. ఇక్కడ తిప్పడానికి కుళాయి లేదు. అవసరం పడలేదు కూడా.

మర్నాడు ఉడుత పనికి వెళ్లాక అమ్మమ్మ చీపురు పట్టుకుంది. అలవాటు కొద్దీ మంచం కింద సగం దూరం పోనిచ్చి, చెయ్యి ఆపేసింది. ఏదీ తగల్లేదు. ఇంకొంచెం పోనిచ్చింది. ఇంకొంచెం. చీపురు కొస గోడకి తగిలింది.

కిటికీ బయట తీగ మీద, ఉతికిన నీలం సంచి తలకిందులుగా ఆరుతోంది. అమ్మమ్మ చీపురు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని, ఇన్నేళ్ల దుమ్మునీ చూస్తూ తనివితీరా ఏడ్చింది.