ప్రభువా అన్నందుకు

"మా ప్రభువుని హంతకుడంటావా? ఆపవయ్యా బొమ్మ!"

బెంచీల్లోంచి శౌరయ్య అరిచిన అరుపుకి నా చేతిలో మైకు కింద పడింది. హాల్లో లైట్లు వెలిగాయి.

డెబ్భై నాలుగులో మాట. తిరువూరు సినిమా హాల్లో ఇంగ్లీషు బొమ్మ ఆడితే తెర పక్కన కూర్చుని మైకులో తెలుగు చెప్పేది నేనే. బి.ఏ. చదివి నాన్న రైసుమిల్లులో కూర్చున్నవాడికి అదొక్కటే సరదా.

ఆ వారం వచ్చింది శిలువ యుద్ధాల బొమ్మ. గుండెల మీద శిలువ గుర్తులతో సైనికులు గుర్రాలెక్కి రాగానే హాలంతా చప్పట్లు. కాసేపటికి వాళ్ళ రాజు, లొంగిపోయిన ముస్లిములను వరసగా నిలబెట్టి నరికెయ్యమన్నాడు. ఒక ముసలి సైనికుడు రాజు ముందు మోకాళ్ళ మీద పడి, "మై లార్డ్! దిస్ ఈజ్ మర్డర్!" అన్నాడు.

నేను గొంతు పెంచి, "ప్రభువా! నువ్వు హంతకుడివి!" అన్నాను.

నాటకాల్లో రాజుని అట్లాగే పిలుస్తారు కదా! హాల్లో సగంమంది చర్చికి వెళ్ళేవాళ్ళన్న సంగతే తట్టలేదు నా మొద్దు బుర్రకి.

శౌరయ్య అరిస్తే అరిచాడు. మూడో వరసలోంచి కృపానందం మాస్టారు లేచి వెళ్ళిపోయారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన వెనకే జ్ఞానమణి.

జ్ఞానమణి ఆయన కూతురు, మిషన్ స్కూల్లో టీచరు. మా పెళ్ళికి మాస్టారు ఒప్పుకోవడం లేదు. "హిందువుల కుర్రాడు రేపు నీ నమ్మకాన్ని ఎగతాళి చేస్తే ఏడుస్తావమ్మా" అంటారు. "ఒక్కసారి ఆయన మాట్లాడేది వినండి నాన్నా. అప్పుడూ కాదంటే మర్చిపోతాను" అని బతిమాలి ఆయన్ని హాలుకి తెచ్చింది తనే. నేనేమో ఇట్లా వెలగబెట్టాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే దొరికింది.

"ఇంకో మాటే దొరకలేదా మీకు? మహారాజా అనొచ్చుగా! దొరా అనొచ్చుగా!"

"నోటికి అదే వచ్చింది మణీ."

"మా ఇంట్లో రోజూ ప్రార్థన మొదలుపెట్టేది ఆ మాటతోనే. నిన్న రాత్రి నాన్న ప్రార్థనకే కూర్చోలేదు. నాకు భయమేస్తోందండీ."

"నాకు మాత్రం వెయ్యట్లేదనుకున్నావా? మిల్లు దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చేలోపు నాలుగుసార్లు వెనక్కి తిరిగాను."

"మరి ఎందుకొచ్చారు?"

"ఐదోసారి నువ్వు గుర్తొచ్చావు."

నవ్వొచ్చినా ఆపుకుంది. ఇంతలో మాస్టారు బయటికొచ్చారు. నేను గబగబా చేతులు జోడించాను.

"క్షమించండి మాస్టారూ. నేనన్నది ఆ రాజునండి. ఏసుప్రభువుని కాదు."

"ముప్పై ఏళ్ళుగా ఇంగ్లీషు చెప్తున్నాను కృష్ణారావూ. మై లార్డంటే ఎవరో నాకు తెలీదనుకున్నావా?"

"మరి... లేచి వెళ్ళిపోయారు?"

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"శిలువ కనపడగానే నేనూ చప్పట్లు కొట్టానయ్యా, అందరికంటే గట్టిగా. ఆ శిలువ పెట్టుకునే లొంగిపోయినవాళ్ళని నరికారు. సిగ్గేసింది. ఇంక కూర్చోలేకపోయాను."

నేనూ మణీ మొహమొహాలు చూసుకున్నాం.

"ఆ ముసలాయన ఏమయ్యాడు?"

"రాజు అతన్నీ చంపించాడండి. మళ్ళీ బొమ్మ మొదలెట్టేముందు, గొడవలెందుకు, ఆ సీను చెప్పకు అన్నాడు హాలు ఓనరు. అయినా చెప్పేశానండి."

"మావాళ్ళ తప్పు కాబట్టి చెప్పావు. మీవాళ్ళదైతే?"



"మా నాన్న మీ ఇళ్ళల్లో మంచినీళ్ళు ముట్టరండి. అది తప్పని ఇందాక ఆయన మొహం మీదే చెప్పి వచ్చాను."

"ఏమన్నారు?"

"లెక్కల పుస్తకంలోకి తల దించుకున్నారండి. అదే భయంగా ఉంది."

మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు. "మణీ, అబ్బాయికి మంచినీళ్ళివ్వమ్మా" అన్నారు. నేను గ్లాసు ఖాళీ చేసేదాకా అక్కడే నిలబడ్డారు.

"సాయంత్రం మీ ఇంటికొస్తాను. పిల్లనిస్తానని చెప్తాను. తర్వాత మంచినీళ్ళడుగుతాను. చూద్దాం."

ఆయన లోపలికి వెళ్ళగానే మణి దగ్గరికొచ్చింది.

"మీ నాన్నగారు ఇవ్వకపోతే?"

"నేనే తెచ్చిస్తాను. ఇంట్లోంచి గెంటేస్తే మీ ఇంటికొచ్చేస్తాను. ఉండనిస్తావా?"

"ఉండనివ్వకేం! విస్సన్నపేట సంబంధం, రెడ్డిగూడెం సంబంధం ఎవరికోసం వద్దన్నాననుకున్నారు?"