పాతాళాంజన భరిణె

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

వెల్గటూర్ దాటాక గోదావరి ఒడ్డున పిట్టయినా కదలని వేళ అది. నిప్పులు చెరుగుతున్న ఆకాశం ఉన్నట్టుండి కాటుక పులిమినట్టు నల్లబడింది. దూరాన ఎక్కడో ఉరుము దొర్లింది. పట్టపగలే తుమ్మచెట్టు మీద గుడ్లగూబ వికృతంగా అరిచింది... మళ్లీ అరిచింది!

రుక్మిణి ఉలిక్కిపడి చెట్టు వైపు చూసింది.

కోరుట్లలో పేరున్న దొరల ఇంటి కోడలామె. పోయిన వానకాలం ఆమె ఒక్కగానొక్క కొడుకు రాకేశ్ ఇదే గోదావరిలో ఈతకు దిగి తిరిగి రాలేదు. గజ ఈతగాళ్లు గాలించారు, వలలు వేశారు. శవమైనా దొరకలేదు. శవం దొరకని తల్లికి ఏడుపు కూడా తీరదు. ఆ తీరని ఏడుపే ఆమెను మాంత్రికుడు దుర్గయ్య గుమ్మంలోకి నడిపించింది.

"పాతాళాంజనమని ఒక కాటుక ఉన్నది దొరసానీ," అన్నాడు వాడు ఆనాడు. "గది కండ్లకు వెట్టుకుంటె మన్నులున్నది, నీళ్లలున్నది అంత అగుపడ్తది. నీ కొడుకు గూడ అగుపడ్తడు."

ఏనాటి కథో అది! ఒక సిద్ధుడు శ్మశానంలో ఏళ్ల తరబడి నూరిన ఆ అంజనాన్ని రాగి భరిణెలో దాచాడట. దాని కోసం రాజ్యాలు కూలాయట. చివరికి అది గోదావరి పాలైందట. తరతరాల మాంత్రికులు దానికోసం వెతికి వెతికి పిచ్చెత్తి చచ్చారు. దాని జాడ చెప్పాలంటే ఎదురుకాళ్లతో పుట్టిన ఆడమనిషి కావాలి. రాకేశ్ భార్య ఇంద్రజ అలా పుట్టిందే!

నీ మగనికి పిండం పెడదామని చెప్పి కోడలిని తీసుకొచ్చింది రుక్మిణి.

ఎండలకు నీరు వెనక్కి తగ్గింది. ఎప్పుడో ప్రాజెక్టు నీటిలో మునిగిన ఊరు బురదలోంచి ఎముకల గూడులా తేలింది. ఆ మొండిగోడల నడుమ నల్లటి ముగ్గు... ముగ్గులో కుంకుమ పులిమిన కపాలం... కపాలం ఎదుట ఇంద్రజ! ఆమె చేతిలో మసి పూసిన తమలపాకు.

"నాకు భయమైతాంది అత్తమ్మా... ఇంటికి పోదాం!"

రుక్మిణి చూపు తిప్పుకుంది. "జరసేపు ఓర్చుకో బిడ్డా."

దుర్గయ్య కంఠంలో మంత్రాలు బుసలు కొట్టాయి. ఇంద్రజ తల గిర్రున ఊగింది. జడ విడిపోయింది. కనుగుడ్లు తెల్లబడ్డాయి.

"గద్దె..." అంది ఆమె నోట ఎవరిదో గొంతు. "పోశమ్మ గద్దె కింద..."

వాడు పులిలా ఉరికాడు. ఊరు మునిగినప్పుడు జనం కొత్త ఊళ్లో తమ గ్రామదేవతకు కొత్త గద్దె కట్టుకున్నారు. పాతది దిక్కులేక నీటి పాలైంది. గడ్డపారతో దాని రాళ్లు పెకలించి, వాడు బురదలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బయటికి వచ్చేసరికి అరచేతిలో పచ్చటి చిలుము పట్టిన భరిణె!

"నా కొడుకును చూపెట్టు దుర్గయ్యా!"

"చూపెడ్త. కాని కాటుక ఎండిపోయింది దొరసానీ. అది లేవాల్నంటె బతికున్న కన్ను నెత్తురు వడాలె." వాడు కత్తి తీశాడు. "నీ కోడలి కండ్లు!"

"గిట్లని చెప్పలేదు గద నువ్వు!"

"చెప్తె తోలుకచ్చేదానివా? కొడుకును జూస్తవా, కోడలి కండ్లు కాపాడుకుంటవా?"

కత్తి మెరిసింది. ఒక్క రెప్పపాటు... ఆ తల్లి కాళ్లు కదల్లేదు. కళ్లముందు కొడుకు ముఖం... నీళ్ల అడుగున తెల్లగా... మరుక్షణం "వద్దురా!" అని పొలికేక పెట్టి కోడలి మీద అడ్డంగా పడింది. కత్తి ఆమె భుజాన్ని చీల్చింది. ఆమె దేహం కింద ముగ్గు చెరిగిపోయింది!

ఫెళఫెళా పిడుగు పడింది. తుమ్మచెట్టు భగ్గుమంది. ఇంద్రజ లేచి నిలబడింది... కాదు, ఆమెలో మరెవరో లేచారు!

"ఎవడురా నా గద్దె తవ్వినోడు?"

"ఏయ్ పిశాచమా! కూసో!" దుర్గయ్య బూడిద చల్లాడు. "నీ ఏలికను నేను!"

ఆమె నవ్వుకు మొండిగోడలు కంపించాయి. "పిశాచాన్నారా నేను? ఊరు మునిగిననాడు అందరు పోయిన్రు. నేను పోలె. గీ నీళ్లల్ల పడ్డోళ్లందరికి తల్లిని నేనే!"

దుర్గయ్య వెనక్కి జరిగాడు. దిక్కుతోచక భరిణె తెరిచాడు. కంటి నెత్తురు దొరక్కపోయినా, కత్తికంటిన నెత్తురునే కాటుకలో రంగరించి తన కళ్లకే పులుముకున్నాడు. ఈ అంజనంతో లోకాన్నే ఏలుతాననుకున్నాడు!

ఏం చూశాడో... నేలలోకి చూసి గావుకేక పెట్టాడు.

"నా కాళ్లు... మునిగినోళ్లు నా కాళ్లు వట్టుకుంటున్రు! ఇడువుమను తల్లీ!"

రెప్పలు మూశాడు. మూసినా కనిపిస్తూనే ఉంది! గోళ్లతో కళ్లు రక్కుకున్నాడు. బురద వాడి మోకాళ్లను మింగింది... నడుమును... గొంతును... భరిణె పట్టుకున్న చెయ్యి ఒక్కటే గాలిలో గిలగిలలాడింది. అదీ మునిగింది!

రుక్మిణి దేకుతూ వెళ్లి అమ్మ పూనిన కోడలి పాదాలు పట్టుకుంది. "నా కొడుకు, తల్లీ..."

ఆ కళ్లు మొదటిసారి చల్లబడ్డాయి. "నా ఒళ్లె పండుకున్నడు. లేపకు."

ఇంద్రజ కుప్పకూలింది. చినుకులు మొదలయ్యాయి. కాసేపటికి కళ్లు తెరిచిన కోడలి చెంపలు తడుముతూ, "లే బిడ్డా... నీళ్లస్తున్నయి," అంది రుక్మిణి.

ఇంద్రజ అత్త చేతులు పక్కకు నెట్టి లేచి కూర్చుంది.

"నాకన్ని ఎరుకైనయి అత్తమ్మా. కత్తి లేసినప్పుడు... ఒక్క రెప్పపాటు మీరు కదల్లే."

 

ఇంద్రజ తన కొంగు చింపింది. నెత్తురు కారుతున్న అత్త భుజానికి బిగించి కట్టింది. ఆమె చెయ్యి పట్టుకోకుండానే లేచి, ఒడ్డు వైపు నడిచింది. కోడలు వేసిన అడుగుల్లోనే తన అడుగులు వేయబోయింది రుక్మిణి. ఆమె చేరేలోపే అవి నీళ్లతో నిండిపోతున్నాయి...