తొమ్మిది మందికి ఒక్కటే కార్డు

క్యాంపు బాసూ, మా ప్రాణాలకు తాళం వేసింది నువ్వు. నువ్వూ, నీ వెనక చల్లటి గదిలో కూర్చున్న నీ కంపెనీ. ప్రతి నెలా మా జీతంలో ఇన్సూరెన్స్ కోత కోశారు. కార్డులు మాత్రం డ్రాయర్లో పడేసుకున్నారు. "కార్డు చేతికిస్తే తుమ్మొచ్చినా ఆస్పత్రికి పరిగెడతారు" అన్నావు. ఎవడికి జబ్బో, ఎవడిది నటనో నువ్వే తేల్చావు. ఏ కాలేజీలో చదివావు నాయనా, వైద్యం?

ఇది ప్రేమకథే. కంగారు పడకండి, అమ్మాయి వస్తుంది, వాన కూడా వస్తుంది. ముందు తిట్టాల్సినవాణ్ణి తిట్టకుండా నాకు కథ నడవదు.

నేను పరంజా కట్టేవాణ్ణి. పరాయి దేశంలో ఏ గోడ లేచినా దాని పక్కన ముందు నిలబడేవి మేం బిగించిన ఇనప గొట్టాలే. పొడుగ్గా ఉంటానని నన్ను నిచ్చెన అంటారు. కూలీల క్యాంపులో మా గదికి తొమ్మిది మందిమి. కార్డు జేబులో ఉన్నది ఒక్క క్రేన్ బాబాయికే. క్రేన్ ఎక్కేవాడి దగ్గర అది ఉండి తీరాలని సైట్ రూలు. దాని మీద పేరూ నంబరూ తప్ప ఫోటో లేదు. ఇంకేముంది? గదిలో ఎవడికి ఒంట్లో బాగోకపోయినా ఆ పూటకి వాడే క్రేన్ బాబాయి.

రెండు గొట్టాల మధ్య నా వేలు నలిగిన రోజు నేనూ బాబాయినయ్యాను.

క్లినిక్ కౌంటర్లో ఒక నర్సు కార్డు తీసుకుంది. కంప్యూటర్ చూసింది. నన్ను చూసింది. ఆ చూపు నా కాళ్ళ దగ్గర బయల్దేరి మొహం దాకా ఎక్కడానికి కాస్త టైం పట్టింది.

అక్కడి భాషలో వయసెంత అని అడిగింది. నేను గోడ వైపు తిరిగి, "చచ్చాం రా దేవుడా, బాబాయి వయసెంత?" అని గొణుక్కున్నాను.

"యాభై రెండు," అంది, తెలుగులో. "బాగా మెయింటైన్ చేస్తున్నారు, అంకుల్!"

"మీరు... మనవాళ్ళా?"

"అది తర్వాత. పోయిన నెల మీకు పన్ను పీకారు. ఏదీ, నోరు తెరవండి."

తెరవలేదు. నా పళ్ళన్నీ నా నోట్లోనే ఉన్నాయి.

"మోకాళ్ళు అరిగాయి. చెవిలో చీము. చలికాలంలో అపెండిక్స్ తీశారు. ఇప్పుడేమో వేలు. అంకుల్, మీరొక్కరేనా, లోపల ఇంకెవరైనా కాపురం ఉన్నారా?"

"తొమ్మిది మందిమండీ."

అబద్ధమే ఆడదామనుకున్నాను. ఆ కళ్ళ ముందు నిజం తొందరపడింది.

ఆమె నవ్వు ఆగిపోయింది. కిటికీ దగ్గరికి వంగి, గొంతు తగ్గించి ఉతికేసింది. "బుద్ధుందా మీకు? తొమ్మిది మంది జబ్బులూ ఒక్క పేరు కింద ఉంటే, రేపు డాక్టర్ ఎవణ్ణి చూసి ఎవడికి మందిస్తాడు? చచ్చేది మీరే."

"మా కార్డులు మాకివ్వరండీ."

"అడగండి."

"అడిగినవాణ్ణి విమానం ఎక్కించారు."

"ఒకణ్ణి ఎక్కిస్తారు. అందరూ కలిసి అడిగితే? మీ బాసు ఎక్కి కడతాడా పరంజా?"

నేను వేలు ముందుకు చాపాను. వేలికి కట్టు కట్టింది, కావాలనే గట్టిగా.

"అమ్మా!"

"అమ్మ కాదు. సిస్టర్ అనాలి."

"అది మాత్రం అననండి."

"ఏం?"

చెప్పలేదు. ఎర్రబడ్డ నా చెవులు చెప్పేశాయేమో, ఆమె తల వంచుకుని కత్తెర వెతికింది. కత్తెర ఆమె చేతిలోనే ఉంది.

ఆ తర్వాత కట్టు మార్పించుకోవడానికి ఎన్నిసార్లు వెళ్ళానో అడక్కండి. మా గదిలోని ఎలక్ట్రీషియన్ బావ అడిగాడు. "ఒరే నిచ్చెనా, వేలు మానిపోయి వారమైంది కదరా!"

"లోపల నొప్పి, బావా."

"తెలుస్తూనే ఉంది, ఎంత లోపలో!"

ఒక సాయంత్రం బస్‌స్టాప్‌లో వాన మమ్మల్నిద్దర్నీ పట్టేసుకుంది. ఆమె గొడుగు నా భుజం దాకానే వచ్చింది. నేను మోకాళ్ళు వంచి గొడుగు కిందికి దూరితే ఆమె పగలబడి నవ్వి, అంతలోనే దగ్గింది. ఆ దగ్గు ఆగలేదు. చెయ్యి తగిలితే కాలుతోంది.

"జ్వరం! మీ క్లినిక్‌లోనే చూపించుకోవచ్చుగా?"

"నాకు కార్డు లేదు. క్లినిక్‌కి మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీ మనిషిని నేను. నర్సుకి జబ్బు రాదని వాళ్ళ నమ్మకం."

"బాబాయి కార్డు తెచ్చివ్వనా?"

"ఛీ, నన్ను కూడా అంకుల్‌ని చేస్తారా?" నవ్వింది. మళ్ళీ సీరియస్ అయింది. "నిజంగా చెప్తున్నా. ఆ కార్డుతో ఇంకోసారి కనిపిస్తే నేనే పట్టిస్తాను."

బెదిరింపే అనుకున్నాను.

తర్వాత ఒక పొద్దున సైట్‌లో ఉండగా బొడ్డు దగ్గర నొప్పి మొదలైంది. భోజనాల వేళకి కుడిపక్కకి దిగింది. నిటారుగా నిలబడలేకపోయాను. క్యాంపు బాస్ చూసి, "గ్యాస్. సోడా తాగు," అన్నాడు. బావ మొహం తెల్లబోయింది. "నాకూ అచ్చం ఇలాగే వచ్చింది రా," అంటూ బాబాయి జేబులోంచి కార్డు లాక్కుని నన్ను టాక్సీలో కుదేశాడు.

క్లినిక్‌లో డాక్టర్ నా కడుపు చూడలేదు, స్క్రీన్ చూశాడు. అపెండిక్స్ ఎప్పుడో తీసేశారుగా అన్నాడు. గ్యాసే అన్నాడు. బిళ్ళలిచ్చి పంపమన్నాడు.

తీసింది బావది. కుళ్ళుతున్నది నాది.

బావ నోరు తెరవబోయాడు. నేను వాడి చెయ్యి నొక్కి తల అడ్డంగా ఊపాను. చెబితే బాబాయి పని పోతుంది, గది గదంతా ఇంటికి పోతుంది. బిళ్ళలే మింగుతానులే అనుకున్నాను. మూర్ఖుణ్ణి.

ఆమె ఎటునుంచి వచ్చిందో, వచ్చి నా చొక్కా పైకెత్తింది. "ఆపరేషన్ మచ్చ ఏదీ, డాక్టర్? ఎక్కడుందో చూపించండి." నా వైపు వేలు చూపించింది. "ఈయన ఆ కార్డు మనిషి కాదు. నాకు ముందే తెలుసు."

"అయ్యో, మీ ఉద్యోగం..." అన్నాను.

"నోర్మూసుకోండి, అంకుల్," అంది. ఎత్తిన చొక్కా మాత్రం వదల్లేదు.

డాక్టర్ ఈసారి కడుపు మీద చెయ్యి వేసి చూశాడు. నేను పెట్టిన కేకకి పరిగెత్తాడు. అయితే బిల్లింగ్ వాళ్ళు అడ్డం పడ్డారు. సొంత కార్డు వస్తే తప్ప ఆపరేషన్ థియేటర్ తలుపు తియ్యరట. బావ సైట్‌కి ఫోన్ చేశాడు.

ఆ తర్వాతది నేను చూడలేదు, బావ చెప్పాడు. బాబాయి క్రేన్ ఆపి కిందికి దిగాడట. ఆయన వెనక మా గది, మా గది వెనక క్యాంపు క్యాంపంతా హెల్మెట్లతో ఆఫీసులోకి నడిచిందట. బాస్ "రూల్స్" అని ఏదో మొదలుపెడితే బాబాయి అన్నాడట: "డ్రాయర్ నువ్వు తెరుస్తావా, టేబుల్‌తో సహా క్రేన్‌కి తగిలించి పైకెత్తమంటావా?"

తెరిచాడు. అందరి కార్డులూ ఉన్నాయి. వాటి మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు.

నేను బతికాను. కంపెనీ మా జోలికి రాలేదు. కోత కోసి కార్డులు దాచిన సంగతి బయటపడుతుందని దానికి భయం. పోయింది ఆమె ఉద్యోగమే. తెలిసీ దాచిందట. దేశం వదిలి పొమ్మని ఏజెన్సీ చెప్పేసింది.

వార్డులోకి యూనిఫారం లేకుండా వచ్చింది. పక్కన బాబాయి కూర్చునున్నాడు.

"మీ ఉద్యోగం తినేశాను," అన్నాను.

"నా ఉద్యోగం నేనే తిన్నాను. ఊరికే క్రెడిట్ కొట్టేయకండి."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"కుట్లే ఆరలేదు. అప్పుడే పెళ్ళా?"

"ఆరాక ధైర్యం పోతుందేమోనని."

ఆమె మంచం అంచున కూర్చుంది. నా తలగడ పక్కనున్న కొత్త కార్డు తీసి తిప్పి చూసింది. "బాబాయ్ గారూ, ఇందులో భార్యకి చోటుందా?"

"లేదు తల్లీ. పనిచేసే ఒళ్ళు ఒక్కదానికే."

"అంటే ఏజెన్సీ నర్సుగా ఉన్నా, ఈయన పెళ్ళాంగా ఉన్నా నాకు మాత్రం జబ్బు చెయ్యకూడదన్నమాట." కార్డు నా గుండెల మీద పెట్టింది. "చేసుకుంటాను. తలొంచుకుని విమానం ఎక్కేసి మాత్రం కాదు. ముందు ఏజెన్సీ దగ్గరికి వెళ్దాం. వస్తారా?"

"పాక్కుంటూ అయినా వస్తాను."

బాబాయి ఇద్దరి తలల మీదా చెరో చెయ్యీ వేశాడు. "మీ నాన్నగారితో ఫోన్లో నేను మాట్లాడతాలే అమ్మా. పెళ్ళికొడుక్కి అపెండిక్స్ లేదు, అంతకు మించి లోపం లేదని చెప్తాను."

ఇప్పుడు ఏజెన్సీ గుమ్మం ముందున్నాం. నేను నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. మా వెనక హెల్మెట్లు. వాటి పక్కన, డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చేసిన నర్సులు. మేనేజర్ తలుపు ఓరగా తీసి, "ఆ అమ్మాయి ఒక్కతే లోపలికి రావచ్చు," అన్నాడు.

"ఒక్కదాన్నే రాను," అంది ఆమె. "మీరే బయటికి రండి."

వాడు తలుపు వేసుకున్నాడు. వేసుకోనివ్వండి, తలుపు అవతలికి కూడా వినపడే గొంతులే మావి. ఆమె పని ఆమెకి తిరిగివ్వండి. నర్సుకి నర్సు పేరునే కార్డివ్వండి. మాతో కాపురానికి వచ్చే భార్యకివ్వండి, పుట్టబోయే బిడ్డకివ్వండి. మీ గోడలు లేపే, మీ గాయాలు కడిగే ప్రతి ఒంటికీ, ఎవరి కార్డు వాళ్ళ చేతికే ఇవ్వండి. రేపు రమ్మంటే కుదరదు. ఇప్పుడే, ఇక్కడే, ఈ గుమ్మంలోనే ఇవ్వండి.