రంగుల్లేని కొంగ

డిటెక్టివు కుర్చీ చూపించినా కూర్చోలేదామె. గుమ్మం వైపే చూస్తూ నిలబడింది.

"మా అక్కను ఎంబ్రాయిడరీ మిషను గదిలో చంపేశారండీ. తలమీద గుడ్డ బిగించే ఇనుప ఫ్రేముతో కొట్టారు. పోలీసులు బావనే అనుమానిస్తున్నారు. నేనూ అక్క కూతురూ ఉండేది ఆయనింట్లోనే. సాయంత్రం పాపను తీసుకుని బయటపడదామని..."

"ఎక్కడికి?"

"అక్క డిజైన్లు కొనే షోరూం ఓనరింటికి. పాపం, ఆయనే రమ్మన్నారు."

ఆ డిటెక్టివును అందరూ నిదానం అంటారు. అతని సహాయకుడు తూటా. పేరుకు తగ్గట్టు ఆమె చేతిలోని పెన్‌డ్రైవును లాక్కున్నంత పని చేశాడు.

"అక్క చివరగా చేసిన ఫైలు. తెరుచుకోవట్లేదు," అందామె.

ఫైలు పేరు చివర డి.ఎస్.టి. అని ఉంది. నొక్కగానే ఇంటి ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేరు లేచి, ఫైలు పాడైందంది.

"చచ్చింది గురువుగారూ."

"చావలేదురా. నువ్వు పక్కింటి తలుపు కొట్టావు. ఆ మూడక్షరాలు ప్లాన్లవాళ్ళూ వాడతారు, ఎంబ్రాయిడరీవాళ్ళూ వాడతారు."

నిదానం దాన్ని ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేరులో తెరిచి బొమ్మగా మార్చాడు. ఆకుపచ్చ కొంగ, ఎర్రటి ముక్కు. కింద మూలన అక్క పేరు. చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది.

తూటా మురిసిపోతుండగా నిదానం అదే ఫైలును ఇంకో సాఫ్ట్‌వేరులో తెరిచాడు. ఈసారి కొంగ నీలం, ముక్కు నారింజ.

"ఊఁ," అన్నాడు.

మిషను గదిలో నేల కడిగినా మరక పోలేదు. మిషనుమీది ఫ్రేములో గుడ్డ లేదు. ఎవరో కోసుకుపోయారు, అంచున పీలికలు మిగిలాయి. సూదులపైన రెండే కండెలు: ఒకటి ఊదా, ఒకటి వెండి జరీ.

బావ మెట్లమీద ఉన్నాడు. గడ్డం మాసిపోయింది.

"ఆవిడ కుట్టిన కొంగను చూశారా?"

"కొంగా? ఏమోనండీ. భోజనానికి పిలుద్దామని వెళ్ళాను. అప్పటికే..." "ఇకమీద తన పేరే కుట్టుకుంటానంది. అంతే తెలుసు."

షోరూంలో ప్రతి బట్టమీదా ఏదో ఒక పిట్ట ఉంది. ప్రతి పిట్ట కిందా ఓనరు పేరే.

"ఆ రోజు ఆమె దగ్గరికి వెళ్ళారా?" నిదానం అడిగాడు.

"లేదండీ. పొద్దున ఫైలు పంపింది, ఫోన్లోనే తెరిచాను. ఊదారంగు కొంగ, వెండి ముక్కు. ఏం పనితనమండీ!"

"రంగులు మీరు చెప్పినవేనా?"

"అబ్బే! రంగుల్లో ఆమె మాటే మాట. ఫోనుకూడా చేసుకోలేదు. ఫైలు చూడ్డమే."

"సాయంత్రం మీ ఇంటికి చుట్టాలట?"

"పసిపిల్లకదండీ. వాళ్ళక్క కంప్యూటరు కూడా తెచ్చుకోమని ఆ అమ్మాయితో అన్నాను. భద్రంగా ఉంటుంది."



సాయంత్రం అందరినీ మిషను గదికి రప్పించాడు నిదానం. పోలీసు అధికారి గుమ్మంలో నిలబడ్డాడు. రెండు తెరలమీద ఒకే ఫైలు: ఒకచోట ఆకుపచ్చ కొంగ, ఒకచోట నీలం.

"ఈ రకం ఫైల్లో రంగులుండవు," అన్నాడు నిదానం. "సూది ఎక్కడ దిగాలి, దారం ఎప్పుడు మార్చాలి, అంతే. తెరిచిన సాఫ్ట్‌వేరు తనకు తోచిన రంగు పులుముతుంది. ఈ కండెల్లోని ఊదా, వెండి జరీ ఆమె కుట్టిన గుడ్డమీదే ఉన్నాయి. ఆ గుడ్డను చూసినవాడు ఆ రోజు ఈ గదిలో ఉన్నాడు. ఓనరుగారూ, మీరసలు ఫైలు తెరవనే లేదు."

"ఎవరో చెప్పి..."

"ఎవరు? ఆమెతో మాట్లాడలేదన్నది మీరే. గుడ్డమీద ఆమె పేరు చూసి ఓర్చుకోలేకపోయారు. రక్తం పడ్డ గుడ్డను కోసుకుపోయారు. ఆ పేరే కంప్యూటర్లోనూ ఉంది. అందుకే ఇవాళ పిల్లమీద అంత ప్రేమ. గుడ్డ ఎక్కడ?"

ఓనరు కళ్ళు వాకిట్లోని తన కారు వైపు వెళ్ళాయి. పోలీసు అధికారి అటు నడిచాడు.

గది ఖాళీ అయ్యాక చెల్లెలు బావ ఎదుట తల వంచుకుంది.

"బావా, నేను నిన్ను..."

"రోజూ లోపల గడియ పెట్టుకుని పాపను పట్టుకుని పడుకుంటున్నావు. చప్పుడు వినపడేదమ్మాయ్," అన్నాడతను. కాసేపు నేలమీది మరకను చూశాడు. "ఇవాళా పెట్టుకో. భయం పోవడానికి టైము పడుతుంది. నేను బయట కూర్చుంటాను."