మూడు నిమిషాల పది సెకన్లు

ఉదయం ఆరూ ఇరవై. పార్కు గోడ మలుపులో శవం.

చనిపోయింది రిటైరైన పోస్ట్‌మన్. అరవై ఎనిమిదేళ్ళు. రోజూ తెల్లవారకముందే నడకకు బయలుదేరే మనిషి. ఒక చెప్పు కాలికే ఉంది. రెండోది పదడుగుల దూరంలో పడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద కూర్చుని రోడ్డంతా చూసింది. హెడ్‌లైట్ గాజు ముక్కలు. గోడకు గీసుకుపోయిన నీలం పెయింట్. బ్రేక్ వేసిన గుర్తు మాత్రం మలుపు దాటాక ఉంది. అంటే, గుద్దాకే ఆగాడు. ఆగాడు, చూశాడు, వెళ్ళిపోయాడు.

"వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే బతికేవాడు మేడం," అన్నాడు డాక్టర్. "కనీసం పావుగంట ప్రాణం ఉంది."

ఆమె ఈ కేసు సాయంత్రంలోగా తేల్చాలనుకుంది. ఆ తొందరే ఆమె కొంప ముంచింది.

మొదటి సాక్షి పాలవాడు.

"ఎన్నింటికి చూశావు?"

"ఐదూ యాభై రెండు. అప్పుడే ఫోన్ తీసి టైం చూసుకున్నా."

"ఏ బండి?"

"నీలం కారు. ఒక్క లైటే వెలుగుతోంది. అదోలా పోతోంది మేడం, ఎక్కిళ్ళు పట్టిన మనిషిలా."

"నడిపిందెవరు?"

"మొహం కనబడలేదు."

ఎక్కిళ్ళు పెట్టే కారు చివరికి చేరేది రిపేరు షెడ్డుకే. కానిస్టేబుళ్ళు ఊళ్ళోని షెడ్లన్నీ గాలించారు. తొమ్మిదీ నలభైకి ఫోన్ వచ్చింది. ఊరికి ఆ చివర ఒక కార్ల మేస్త్రి షెడ్డులో నీలం కారు. కుడి హెడ్‌లైట్ పగిలి ఉంది.

నంబరు చూస్తే ఓనర్ మాష్టారు.

ఆమెకు లెక్కలు నేర్పిన మాష్టారు. పదో తరగతితో చదువు ఆపించేస్తానన్న తండ్రిని ఇంటికొచ్చి కూర్చుని ఒప్పించిన మనిషి. ఒంటి మీది ఈ యూనిఫామ్ ఆయన చలవే. వెంటనే ఫోన్ చేసింది.

"కారు ఎప్పుడిచ్చారు మాష్టారూ?"

"నిన్న సాయంత్రం ఏడింటికమ్మా. దారంతా కుదుపులే. షెడ్డు మూసేశాడు. బయట పెట్టి, తాళం షట్టర్ కింద నుంచి లోపలికి తోశాను. ఏమైంది తల్లీ?"

"ఏం లేదు మాష్టారూ. మీరు కంగారు పడకండి."

మాష్టారు చెప్పారంటే రాసిపెట్టుకోవచ్చు. ఇంకో ప్రశ్న వేయాలని కూడా ఆమెకు తోచలేదు.

పదీ ఐదుకు జీపు షెడ్డు ముందు ఆగింది. మేస్త్రి బానెట్ కిందికి వంగి ఉన్నాడు. యాభై దాటిన వయసు, మోచేతుల దాకా గ్రీజు. పక్కనే కూతురు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, తండ్రితో సమానంగా పని చేస్తుంది. చేతిలో బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్. చుట్టూ బళ్ళ కోసం వచ్చినవాళ్ళు, ఎదురు కొట్టువాళ్ళు.

"పొద్దున ఈ కారు ఎక్కడికి తీసుకెళ్ళావు?"

"ఎక్కడికీ లేదు మేడం. ఎనిమిదిన్నరకి షెడ్డు తీశాను. అప్పటికే లైటు పగిలి ఉంది."

"రాత్రంతా తాళం నీ షెడ్డులోనే ఉంది కదా?"

"షట్టర్ ఎత్తేసరికి తాళం లోపల ఉంది, రాత్రంతా నేను ఇంట్లో ఉన్నాను. మేడం, ఒక్క నిమిషం. ఈ కాగితం చూడండి. స్కానర్‌లో వచ్చింది మా అమ్మాయి రాసింది."

"కథలు చెప్పకు!"

చెయ్యి లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. మేస్త్రి చెంప ఛెళ్ళుమంది. కాగితం గ్రీజులో పడింది.

మేస్త్రి చెంప తడుముకోలేదు. కూతురి వైపు కూడా చూడలేదు. తలవంచుకుని వెళ్ళి జీపెక్కాడు.

హెడ్ కానిస్టేబుల్ కాగితం ఏరి ఫైల్లో పెట్టాడు.

సాయంత్రం నాలుగున్నరకు ఇన్‌స్పెక్టర్ రిపోర్టు రాయడానికి కూర్చుంది. గాజు ముక్కలు సరిపోయాయి. పెయింట్ సరిపోయింది. బండి కండిషన్ అన్న గడి ఒక్కటే ఖాళీ. ఫైలు తిరగేస్తే గ్రీజు మరకల కాగితం బయటపడింది.

'మూడో సిలిండర్ మిస్‌ఫైర్. ఇంజన్ వేడి 41. వేగం 38. స్టార్టయి 3 నిమిషాల 10 సెకన్లు. తప్పు పట్టాక నడిచిన దూరం 9 కి.మీ.'

రెండుసార్లు చదివింది. అర్థం కాలేదు. మేస్త్రి కూతురు పొద్దుట్నుంచీ స్టేషన్ వరండా బెంచీ మీదే ఉంది. లోపలికి పిలిపించింది.

"ఇదేంటి?"

ఆ అమ్మాయి కూర్చోలేదు. "పొద్దున చూడమన్నాం మేడం."

"ఇప్పుడు చూస్తున్నాను. చెప్పు."

"బండి మిస్సింగ్ కొడితే, అంటే ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోకపోతే, కంప్యూటర్ దాన్ని పట్టుకుంటుంది. తప్పు మొదటిసారి వచ్చిన క్షణంలో బండి ఎలా ఉందో ఫోటో తీసినట్టు దాచుకుంటుంది. ఇది ఆ ఫోటో."

"వేడి నలభై ఒకటి అంటే?"

"చల్లటి ఇంజన్. కాసేపు నడిచిన బండైతే తొంభై దాకా ఉండాలి. రాత్రంతా ఆగి ఉన్న బండి స్టార్ట్ చేసిన మూడు నిమిషాల పది సెకన్లకు మొదటిసారి కుదిపింది."

"మొదటిసారే అని ఎలా చెప్తావు?"

"అంతకుముందు కుదిపి ఉంటే అదే ఇందులో ఉండేది. ఆ కుదుపు తర్వాత బండి నడిచింది తొమ్మిది కిలోమీటర్లే."

ఇన్‌స్పెక్టర్ దూరాలు లెక్కేసింది. పార్కు మలుపుకు మేస్త్రి షెడ్డు నుంచి సరిగ్గా తొమ్మిది కిలోమీటర్లు, కారులో ఇరవై నిమిషాలు. మాష్టారి ఇంటి నుంచి మూడు.

అదొక్కటే కాదు. కుదుపు మొదలైందే ఈ రోజు పొద్దున. మరి మాష్టారు నిన్న సాయంత్రమే ఏ కుదుపుకు భయపడి షెడ్డుకొచ్చారు?

ఈ కాగితం పదీ ఐదుకే కళ్ళముందు పెట్టారు. తను చెయ్యెత్తింది.

ఐదున్నరకు స్టేషన్ ఆవరణలో కారు చుట్టూ అందరూ నిలబడ్డారు. మాష్టారు, ఆయన భార్య, పాలవాడు, మేస్త్రి, కూతురు. మేస్త్రి చెంప ఇంకా కందే ఉంది.

"దేనికమ్మా ఇదంతా?" అన్నారు మాష్టారు.

"చిన్న లెక్క మాష్టారూ." ఆమె మేస్త్రి వైపు తిరిగింది. పొద్దున నోటికొచ్చిన 'నువ్వు' ఇప్పుడు గొంతు దాటలేదు. "మీరు... ఒకసారి చూపిస్తారా?"

మేస్త్రి బానెట్ ఎత్తాడు. ఇంజన్ స్టార్ట్ చేశాడు. కారు గజగజ వణికింది.

"ఇదే! ఇదే చప్పుడు!" అన్నాడు పాలవాడు.

మేస్త్రి ఇంజన్ ఆపి, మూడో సిలిండర్ మీద నిప్పురవ్వ పుట్టించే కాయిల్ ఊడదీసి రెండోదాని మీద పెట్టాడు. రెండోది తెచ్చి మూడో దాంట్లో పెట్టాడు. మళ్ళీ స్టార్ట్ చేశాడు. కూతురు స్కానర్ చదివింది.

"ఇప్పుడు రెండో సిలిండర్ మిస్సింగ్."

"కాయిల్‌తో పాటే జబ్బూ మారింది," అన్నాడు మేస్త్రి. "చెడింది కాయిలే. ఎందుకు చెడిందంటే..." ఇంజన్ ఆపి, మూడో కాయిల్ మళ్ళీ పీకి, ప్లగ్గు గుంటలోకి గుడ్డ దూర్చి తీశాడు. గుడ్డ తడిసింది. ఇన్‌స్పెక్టర్ వాసన చూసింది. షాంపూ.

"ఇంజన్ మీద పైపుతో నీళ్ళు కొట్టారు. తడి దిగి కాయిల్ కాలింది."

"అవునండీ," అంది మాష్టారి భార్య తేలిగ్గా. ఆవిడకు ఏ పాపమూ తెలియదు. "నిన్న సాయంత్రం ఏడున్నరకి ఇంటి ముందు కడిగారు కదూ. ఇంజన్ మురికిగా ఉందని షాంపూ అంతా మీరే గుమ్మరించారు."

ఇన్‌స్పెక్టర్ మాష్టారి ముందుకొచ్చింది.

"ఏడింటికి షెడ్డులో పెట్టిన కారును ఏడున్నరకి ఇంటి ముందు ఎలా కడిగారు మాష్టారూ?"

మాష్టారు భార్య మొహం చూశారు. కళ్ళద్దాలు తీసి తుడవబోయి ఆగిపోయారు.

"ఉన్నట్టుండి కుదిపింది. లైటేదో మిణుకుమిణుకుమంటుంటే కిందికి చూశాను. తలెత్తేసరికి మనిషి."

"ఆగారు కదా."

"ఆగాను. దిగాను కూడా." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "ముప్ఫై ఏళ్ళు మా ఇంటికి ఉత్తరాలు తెచ్చినవాడమ్మా. కళ్ళు తెరిచి 'మాష్టారూ' అన్నాడు. గుర్తుపట్టాడు. వేరే ఎవరైనా అయితే ఆస్పత్రికి తీసుకెళ్ళేవాణ్ణేమో. గుర్తుపట్టాడనే పారిపోయాను. ఊళ్ళో నా మొహం..."

భార్య ఆయన పక్క నుంచి ఒక అడుగు దూరం జరిగింది.

"మరి ఈయన సంగతి?" ఇన్‌స్పెక్టర్ మేస్త్రిని చూపించింది.

"నేను చెప్తే నువ్వు ఇంకోసారి అడగవని తెలుసు తల్లీ."

ఇన్‌స్పెక్టర్ 'తీసుకెళ్ళండి' అని హెడ్ కానిస్టేబుల్‌కు సైగ చేసింది. మాష్టారు స్టేషన్ మెట్లెక్కుతుంటే చూడలేకపోయింది. అంతకంటే మేస్త్రిని చూడలేకపోయింది. "మీరు వెళ్ళొచ్చు," అన్న రెండు ముక్కలే అనగలిగింది. ఆయన తలూపి, కూతురి భుజం మీద చెయ్యేసి గేటు దాటాడు.

ఒక్క రోజు పని. కేసు తేలింది. పైఅధికారి ఫోన్‌లో మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు వింటుంటే ఆమెకు కుర్చీలో నుంచి లేచి ఎటైనా పోవాలనిపించింది.

మర్నాడు పది గంటలకు ఆమె ఒక్కతే షెడ్డుకు వెళ్ళింది. యూనిఫామ్‌లోనే. జీపు వీధి మొదట్లో వదిలేసి నడిచి వెళ్ళింది. లోపల ఇద్దరు కస్టమర్లు, ఎదురు కొట్టతను. మేస్త్రి టైరు విప్పుతున్నాడు. కూతురు ఆమెను చూసి పని ఆపేసింది.

"నిన్న నేను మిమ్మల్ని కొట్టాను," అంది ఇన్‌స్పెక్టర్, అందరికీ వినబడేలా. "మీరు ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది. నన్ను క్షమించండి. కంప్లయింట్ ఇవ్వాలనుకుంటే ఎవరికివ్వాలో నేనే రాసి తెచ్చాను."

కవరు అందించింది. మేస్త్రి తీసుకోలేదు. నట్లు విప్పడం ఆపలేదు. కూతురు అందుకుంది.

ఆఖరి నట్టు విప్పి ఆయన తలెత్తాడు.

"మీరు కొట్టినప్పుడు ఇక్కడ పదకొండు మంది ఉన్నారు మేడం," అన్నాడు మెల్లగా. "వాళ్ళలో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు."

ఆ మాటలో కోపం లేదు. లెక్క మాత్రమే ఉంది. అందుకే ఆమె ఇంకా కుంచించుకుపోయింది.

"మిగతావాళ్ళు ఎప్పుడొస్తారు?"

"పనులుంటే వస్తారు. లేకపోతే లేదు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకుంది. గోడవారగా ఉన్న పాత టైరు మీద కూర్చుంది. పదకొండున్నరకు స్కూటర్ తోసుకుంటూ ఒకాయన వచ్చాడు. నిన్న ఉన్నవాడే. ఆమె లేచి నిలబడింది. అదే మాట మొదట్నుంచీ చెప్పింది.

చెప్పి, మళ్ళీ కూర్చుంది. ఇంకా ఏడుగురు రావాలి.