కావాలని పెట్టిన నక్షత్రాలు

"మీ లెక్క తప్పు," అంది ఆమె, ఉద్యోగంలో చేరిన మొదటి రోజే.

అతనికి ఒళ్లు మండింది. ధూళి మేఘాల వెనక దాక్కున్న నక్షత్రాలను ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఫొటో తీస్తుంది. ఆ ఫొటోల్లోని నక్షత్రాలను లెక్కపెట్టే ప్రోగ్రామ్ అతను రాసిందే మరి.

"ఇన్నాళ్లూ ఎవరూ అనలేదే?"

"ఎవరూ పరీక్ష పెట్టలేదేమో. ఇరుకులో రెండు చుక్కలు ఒకటిగా కనిపిస్తాయి. పెద్ద వెలుగు పక్కనున్న చిన్నది అసలే కనిపించదు. మనమే కొన్ని దొంగ నక్షత్రాలు ఫొటోలో కలిపి చూద్దాం. వాటిలో ఎన్ని దొరక్కుండా పోతాయో తెలిస్తే, నిజమైనవి ఎన్ని పోతున్నాయో తెలుస్తుంది."

కలిపి చూశారు. సగం దొరకలేదు. అతని పొగరు సగం అక్కడే దిగిపోయింది, మిగతా సగం ఆమె నవ్వు చూశాక దిగింది.

ఆ వానాకాలమంతా కలలా గడిచింది. పక్కపక్క కుర్చీలు, స్క్రీన్ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు, సాయంత్రం ఒకే గొడుగు కింద చెరిసగం తడుస్తూ బస్ స్టాప్ దాకా నడక. ఆమె అంటే అతనికి ప్రాణం. చెప్పడానికే నోరు పెగల్లేదు. ఆమెకు తన మీద అలాంటిదేమీ లేదనే అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె ముభావంగా అంది:

"ఒక సంబంధం వచ్చింది. సాయంత్రంలోపు అక్కకి ఔననో కాదనో చెప్పాలి."

అతను కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "ఏం చెబుతారు?"

"నేను కావాలని పెట్టినవి మీరెన్ని పట్టుకున్నారో, దాన్ని బట్టి."

ఆమె కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంది. కాసేపటికి అతనికి మెల్లగా వెలిగింది.

"వాన పడేరోజే గొడుగు మర్చిపోయేవారు..."

"బ్యాగులోనే ఉండేది."

"మీ బస్సు వచ్చినా, రష్‌గా ఉందంటూ వదిలేసేవారు..."

"ఖాళీ బస్సులు కూడా వదిలేశాను."

"మరి రోజూ అడిగే డౌట్లు?"

"అవి నిజం డౌట్లేనండీ! మీ ప్రోగ్రామ్ అంత గజిబిజి."

ఇద్దరూ నవ్వారు. ముందు అతనే నవ్వు ఆపాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టం. అన్నీ చూస్తూనే ఉన్నాను. నా కోసమని అనుకునే ధైర్యమే లేకపోయింది."

ఆమె కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "అక్కా, ఆ సంబంధం వద్దు." అవతల ఏదో విని, ఫోన్ అతని చేతికిచ్చింది.

"ఇంత ఆలస్యమా బాబూ?" అంది అక్క. "గొడుగుండీ తడిసొచ్చే పిల్లకి తల తుడవలేక చచ్చాను. ఆదివారం ఇంటికి రా, అమ్మతో నేను మాట్లాడతాలే."

ఆ సాయంత్రం ఆమె బ్యాగులోంచి గొడుగు తీసి విప్పింది. అతను తన గొడుగు విప్పకుండానే దాని కిందికి దూరాడు.