తూము మలుపు దగ్గర చప్పుడు

మిర్యాలగూడ నుంచి త్రిపురారం పోయే దారిలో, కాలువ తూము దగ్గర ఒక మలుపుంది. పొద్దుగూకాక అక్కడ ఎవరూ బండి ఆపరు. ఆపితే సందీప్ వచ్చి కింద నుంచి తలుపు కొట్టినట్టు కొడతాడట... టక్... టక్... ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకుని కాలువ వైపు లాగుతాడట.

సందీప్ అంటే బస్తాల లోడుతో అదే మలుపులో కాలువలో పడి చనిపోయిన పికప్ డ్రైవర్. తాగి నడిపాడన్నాడు బండి ఓనర్ ప్రభాకర్. ఊరు నమ్మేసింది. జన్మలో చుక్క ముట్టని మనిషిని పట్టుకుని తాగుబోతు దెయ్యమంది! అక్కడితో ఆగిందా? ఆ దారిన పోయే డ్రైవర్లు అతని పేరున గట్టు మీద మందు పోయడం మొదలుపెట్టారు.

ఆ ఖాళీ సీసాలు చూసినప్పుడల్లా అతని అక్క కళ్యాణికి ఒళ్ళు మండేది. ఆమె మిర్యాలగూడలో నర్సు, రోజూ ఆ దారినే రావాలి. తమ్ముడు ఎలాగూ తిరిగి రాడు. వాడి పేరుకంటిన ఆ మురికైనా కడగాలని ఆమె పంతం.

ఒకరోజు చివరి బస్సు తప్పిపోయింది. చీకట్లో నిలబడి ఉంటే ప్రభాకర్ దగ్గర ఇప్పుడు డ్రైవర్‌గా ఉన్న సుధీర్ పికప్ ఆపాడు. అదే బండి... ప్రభాకర్ దాన్ని కాలువలోంచి తీయించి, నీలం రంగు కొట్టించి, మళ్ళీ రోడ్డెక్కించాడు. కళ్యాణి కాసేపు చూసింది. పళ్ళు బిగపట్టి ఎక్కింది.

వెనక ఎరువుల బస్తాలు. తిన్నని రోడ్డు మీద కూడా సుధీర్ స్టీరింగ్ ఇటు తిప్పుతున్నాడు, అటు దిద్దుతున్నాడు. తాగిన మనిషి నడకలా ఉంది బండి పోకడ.

"ఎప్పుడు గిట్లనే ఉంటదా?"

"ఖాళీగుంటే జర నయం అక్కా. సారే షాపుకు తీస్కపోయి రెండుసార్లు చక్రాల అలైన్‌మెంట్ చేయించిండు. వారం తిరగకముందే మల్ల గంతే." గొంతు తగ్గించాడు. "గా మలుపు కాడ మాత్రం... లాగేది వేరే ఉంది. నీ ముంగట అనొద్దు గానీ..."

మలుపు వచ్చింది. సుధీర్ బ్రేక్ మీద కాలు పెట్టాడు—

స్టీరింగ్ అతని చేతుల్లోంచి గిర్రున ఎడమకు తిరిగింది. లైట్ల వెలుగులో రోడ్డు పోయింది... నీళ్ళు కనిపించాయి. సరిగ్గా గట్టు అంచున బండి ఆగింది.

సుధీర్ దూకాడు. సీటు కింద నుంచి సీసా తీసి గట్టు మీద పోస్తూ గొణుగుతున్నాడు. "దండం పెడత సందీపన్నా... ఇడిసిపెట్టు..."

ఎడమ తలుపు తీస్తే కాలువే. కుడి పక్క నుంచి దిగుదామని కళ్యాణి స్టీరింగ్ పట్టుకుని జరిగింది.

టక్.

కింద నుంచి... ఎవరో వేలితో కొట్టినట్టు. ఆమె చెయ్యి తీసేసింది. చప్పుడు లేదు. మెల్లగా మళ్ళీ పట్టుకుంది. టక్... టక్...

"తమ్మీ..." అంది.

స్టీరింగ్ కదిపింది. టక్. ఆపింది. నిశ్శబ్దం. అప్పుడు ఆమెకు భయం పోయి మంట లేచింది. స్టీరింగ్ తిప్పితేనే పలికే దెయ్యం ఏం దెయ్యం?

"సుధీర్! గా సీసా పారేసి స్టీరింగ్ ఊపు!"

బురదలో పడుకుని ఫోన్ లైటు వేసింది. పైన స్టీరింగ్ తిరుగుతోంది, చక్రం మాత్రం కదలడం లేదు. మధ్యలో ఒక జాయింటు ఊడబోయే పన్నులా ఊగుతోంది. సుధీర్ వచ్చి వంగి చూశాడు.

"రాడ్ ఎండు అక్కా! చక్రాన్ని తిప్పేదే ఇది. ఇది అరిగినంక ఎన్ని అలైన్‌మెంట్లు చేసినా నిలబడదు. లోడు మీద బ్రేక్ కొడితే చక్రం దానిష్టం."

పాత తుప్పు మీదే నీలం రంగు పూసి ఉంది. తమ్ముడి నాటి రాడ్డే అది. కళ్యాణి ప్రభాకర్‌కు ఫోన్ చేసి ఒక్క ముక్కే చెప్పింది. "మా తమ్ముడు మల్ల లాగిండు సార్. రాండ్రి."

ప్రభాకర్ బైకు మీద వచ్చాడు. "నే చెప్తే ఇన్నరా? తాగి సచ్చినోడు మందు కోసం తిరుగుతుండు."

"మీరన్నదే నిజం సార్. మీ ఉప్పు తిన్నోడు, మిమ్మల్నేం చెయ్యడు. ఊరిదాక మీరే తోలుండ్రి. నేను పక్కన కూసుంట."

ప్రభాకర్ నవ్వుతూ వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. దెయ్యమంటే అతనికి ఏ భయమూ లేదు మరి! వెనక బస్తాలు చూశాడు. ముందు నీళ్ళు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"లోడుతోని వద్దు. రేపు సూద్దాం."

"దెయ్యానికి లోడుతో ఏం పని సార్?"

"నీకు తెల్వదు, ఊకో! గా రాడ్ ఎండు ఊడితే ఇద్దరం కాలువల పడి సస్తం!"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం సుధీర్ అప్పుడే కళ్ళారా చూశాడు.

"రాడ్ ఎండు సంగతి... మేం చెప్పలే గద సార్..."

కళ్యాణి గట్టు మీది సీసా తెచ్చింది. అడుగున ఇంకా కొంచెం మిగిలి ఉంది. దాన్ని ప్రభాకర్ ఒళ్ళో పెట్టింది.

"తాగుండ్రి సార్. ఈ మలుపు కాడి దెయ్యానికి పోసింది."